మెడలో బిళ్ళలు: స్కాన్ ఎంతవరకు చెప్పగలదు

"డాక్టర్ గారూ, స్కాన్‌లో మెడ బాగానే ఉందని మీరే రాశారు కదా, మరి మెడ కూడా కొయ్యాలంటున్నారేమిటి?" నాలుక క్యాన్సర్‌కు ఆపరేషన్ ఖాయమైన రోగుల పిల్లలు, తోబుట్టువులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. నేను రేడియాలజిస్టును, ఉత్తరాంధ్రలో నోటి, గొంతు క్యాన్సర్ల స్కాన్లు చదవడం నా పనిలో పెద్ద భాగం. రిపోర్టు చేతికిస్తూ గుమ్మం దగ్గర రెండు ముక్కల్లో చెప్పే జవాబుతో ఎవరికీ తృప్తి కలగదని తెలుసు కనుక ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను. స్కాన్‌లో మాకు కనిపించేవి బిళ్ళలు, అంటే లింఫు గ్రంథులు, మాత్రమే. వాటి లోపలి క్యాన్సర్ కణాలు ఏ యంత్రంలోనూ నేరుగా కనిపించవు. బిళ్ళ ఎంత ఉంది, ఏ ఆకారంలో ఉంది, దానిలోకి రక్తం ఎటు నుంచి పారుతోంది, గ్లూకోజును ఎంత పీల్చుకుంటోంది అన్న ఆనవాళ్ళను బట్టి లోపల ఏముందో అంచనా వేస్తాం. ఆ అంచనాకు ఎక్కడ బలముందో, ఎక్కడ లేదో రోగికీ ఇంటివారికీ తెలిస్తే సర్జన్ మాట అర్థం కావడం తేలికవుతుంది.

శరీరంలోని సుమారు 800 లింఫు గ్రంథుల్లో 300 దాకా మెడలోనే ఉంటాయి. నోరు, ముక్కు, గొంతుల గుండా లోపలికి చొరబడే సూక్ష్మజీవులను అడ్డుకోవడం వాటి పని. ఆ భాగాల నుంచి లింఫు ద్రవం ఏ దారిలో మెడలోకి దిగుతుందో, అక్కడ పుట్టిన క్యాన్సర్ కణాలూ అదే దారి పడతాయి. ఊపిరితిత్తులకో, కాలేయానికో వెళ్ళడానికి చాలా ముందే నోటి క్యాన్సర్ మెడకు చేరుతుంది. ఒక్క బిళ్ళలో క్యాన్సర్ తేలినా రోగి అయిదేళ్ళు బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుందని మేము చదువుకునే రోజుల నుంచీ చెబుతున్న మాట.

1906లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ సర్జన్ జార్జ్ క్రైల్, 132 ఆపరేషన్ల అనుభవం ఆధారంగా, మెడలోని బిళ్ళలన్నిటినీ చుట్టూ ఉన్న కొవ్వుతో, పెద్ద కండరంతో, ప్రధాన సిరతో కలిపి ఒకే ముద్దగా తీసివేసే పద్ధతిని ప్రచురించాడు. ఆ పద్ధతి చాలా దశాబ్దాలు రాజ్యమేలింది. ఇప్పుడు సర్జన్లు అవసరమైన మేరకే తీస్తున్నారు కనుక, బిళ్ళ ఉందా లేదా అన్నదానితో పాటు అది ఎక్కడుందన్న ప్రశ్నకు కూడా స్కాన్ కచ్చితంగా జవాబు చెప్పవలసి వచ్చింది. అందుకోసం మెడను అంచెలుగా విభజించి వాటికి అంకెలు ఇచ్చారు. గడ్డం కింద, దవడ కింద ఉన్నది ఒకటో అంచె. దవడ కింది లాలాజల గ్రంథి వెనక అంచు దాటితే రెండోది మొదలవుతుంది. అక్కడి నుంచి మెడ పక్కన సిర వెంబడి కిందికి దిగుతూ, గొంతు పైభాగంలో ఉండే హయాయిడ్ ఎముక కింది అంచు దగ్గర రెండో అంచె ముగిసి మూడోది, స్వరపేటిక అడుగున ఉండే క్రికాయిడ్ మృదులాస్థి కింది అంచు దగ్గర మూడోది ముగిసి నాలుగోది వస్తాయి. పెద్ద కండరానికి వెనక ఉన్నది అయిదు, గొంతుకు ముందు మధ్యలో ఉన్నది ఆరు. ఈ సరిహద్దులను సీటీలో, ఎంఆర్‌ఐలో ఎవరు చూసినా ఒకేలా గుర్తించేందుకు సోమ్, కర్టిన్, మాన్‌కుసో అనే రేడియాలజిస్టులు 1999లో ప్రతిపాదించిన గుర్తులనే మేము ఇప్పటికీ ప్రధానంగా వాడుతున్నాం.

ఏ చోటి క్యాన్సర్ ఏ అంచెకు వెళ్తుందన్నది చాలావరకు ముందే ఊహించవచ్చు. గుట్కా, ఖైనీ బుగ్గలో దాచుకునే అలవాటు వల్ల మన దేశంలో ఎక్కువగా కనిపించే బుగ్గ, కింది చిగురు క్యాన్సర్లు ముందుగా ఒకటి, రెండు అంచెలకు పోతాయి. నాలుక క్యాన్సర్ ఒకటి నుంచి మూడు దాకా వ్యాపిస్తుంది. అప్పుడప్పుడు మధ్య అంచెలను వదిలేసి నేరుగా నాలుగో అంచెలో తేలుతుంది. నాలుక మొదలు, కొండనాలుక ప్రాంతం, నోటి అడుగు వంటి మధ్యరేఖకు దగ్గరి చోట్లలో పుట్టినది మెడకు రెండు వైపులా దిగవచ్చు.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లో చుట్టను మండే కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా వయసు మీరిన ఆడవారిలో, చాలాకాలంగా ఉంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరిశీలించిన పిండ్‌బోర్గ్ బృందం అధ్యయనం 1971లో వెలువడింది. ప్రపంచ వైద్య సాహిత్యంలో ఈ అలవాటు గురించి రాసేవారు ఈనాటికీ దాన్నే ఉదహరిస్తారు. అంగిలి నుంచి లింఫు ద్రవం రెండో అంచెతో పాటు గొంతు వెనక గోడకూ వెన్నుకూ మధ్య ఉండే బిళ్ళలకు కూడా పోతుంది. అవి పుర్రె అడుగుకు దగ్గరగా, లోతుగా ఉంటాయి. ఎంత అనుభవమున్న చేతికైనా అందవు; అల్ట్రాసౌండ్‌కూ కనిపించవు. అంగిలి క్యాన్సర్ రోగికి మెడ కింది భాగం మాత్రమే తీసి పుర్రె అడుగును వదిలేసిన సీటీ వస్తే, ఆ చోటును అసలు పరీక్షించనట్టే లెక్క. పుర్రె అడుగు నుంచి ఛాతీలోని మహాధమని వంపు దాకా, నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, పలుచని ముక్కలుగా తీసినదే మెడ సీటీ అనిపించుకుంటుంది. కాంట్రాస్ట్ లేకుండా తీస్తే రక్తనాళానికీ బిళ్ళకూ తేడా తెలియదు. మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ ఎంతో చూసుకోకుండా కాంట్రాస్ట్ ఇవ్వకూడదన్నది నిజమే గాని, అది చూసుకునే ఓపిక లేక కాంట్రాస్ట్‌నే మానేయడం మాత్రం నాకు ఒప్పుదల లేని పద్ధతి.

ఇక కొలతల సంగతి. బిళ్ళ పొడవు కంటే దానికి అడ్డంగా ఉన్న కొలతకు మేము ఎక్కువ విలువ ఇస్తాం. ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న బిళ్ళ చిక్కుడు గింజలా పొడవుగా, ఒక పక్క నొక్కుతో ఉంటుంది, క్యాన్సర్ నిండిన బిళ్ళ గుండ్రంగా ఉబ్బుతుంది. అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలని, రెండో అంచె పైభాగంలో మాత్రం 11 దాకా ఉపేక్షించవచ్చని, గొంతు వెనక బిళ్ళలకైతే 5 దాటినా అనుమానించాలని సాధారణంగా అనుసరిస్తాం. ఇందులో మొదటి రెండు అంకెలకు 1990లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డెన్ బ్రెకెల్ బృందం చేసిన పని ఆధారం: సర్జన్లు తీసిన మెడ కణజాలంలోని బిళ్ళలను ఒక్కొక్కటిగా కొలిచి, సూక్ష్మదర్శినిలో తేలిన ఫలితంతో పోల్చి చూశారు. రెండో అంచెకు ఆ వెసులుబాటు ఎందుకంటే, టాన్సిల్స్ వాచినా, పన్ను పుచ్చినా ముందుగా వాచేది అక్కడి బిళ్ళే.

10 మిల్లీమీటర్లు అన్నది ప్రకృతి గీసిన గీత అనుకోవద్దు. గీతను 6కు దించితే క్యాన్సర్ ఉన్న బిళ్ళలు తక్కువగా తప్పిపోతాయి గాని, ఏ పాపం ఎరుగని బిళ్ళలు వందలకొద్దీ అనుమానితుల జాబితాలోకి వస్తాయి. 15కు పెంచితే జాబితా చిన్నదవుతుంది గాని నిజమైన వ్యాప్తి జారిపోతుంది. రెండు నష్టాల మధ్య కుదుర్చుకున్న బేరం అది. అందువల్ల, "9 మిల్లీమీటర్లు, కాబట్టి ఏమీ లేదు" అని తేల్చేసే రిపోర్టు నాకు నచ్చదు. క్యాన్సర్ ఉన్న వైపునే, అది మొదటగా చేరే అంచెలోనే, 8 లేక 9 మిల్లీమీటర్ల బిళ్ళలు మూడు పక్కపక్కన గుంపుగా కనిపిస్తే, గీత దాటిన ఒంటరి బిళ్ళ కంటే వాటిని నేను ఎక్కువ అనుమానంతో చూస్తాను.

పరిమాణంతో పని లేకుండా బిళ్ళను పట్టించే గుర్తు ఒకటుంది. క్యాన్సర్ పెరిగే కొద్దీ బిళ్ళ నడిమి భాగానికి రక్తం అందక అక్కడి కణజాలం చచ్చిపోతుంది. కాంట్రాస్ట్ ఎక్కిన సీటీలో అంచు తెల్లగా మెరుస్తూ నడుమ నల్లగా కనిపిస్తుంది. నోటి క్యాన్సర్ రోగిలో ఇలాంటి బిళ్ళ 7 మిల్లీమీటర్లే ఉన్నా అనుమానించక తప్పదు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ముసలితనం వల్లనో, ఎప్పుడో వాచి తగ్గినందువల్లనో బిళ్ళ నొక్కు దగ్గర కొవ్వు చేరుతుంది, అదీ నల్లగానే కనిపిస్తుంది. కంటికి రెండూ ఒకేలా ఉన్నా, తెరమీద ఆ నల్లని చోట చిన్న వలయం గీస్తే యంత్రం సాంద్రతను అంకెలో చూపుతుంది: నీటికి సున్నా అనుకుంటే, కొవ్వు మైనస్ 50 నుంచి మైనస్ 100 దాకా దిగుతుంది, చచ్చిన కణజాలం మాత్రం ప్లస్ 10 నుంచి 40 మధ్య ఎక్కడో నిలుస్తుంది. పైగా కొవ్వు ఒక పక్కన, నొక్కును ఆనుకుని ఉంటుంది. చచ్చిన భాగం లోపల ఎక్కడైనా ఉండవచ్చు. వలయం గీసి అంకె చూడడానికి పట్టేది కొన్ని క్షణాలే, కాని రిపోర్టు మొత్తం దాన్ని బట్టి తిరగబడవచ్చు. మరీ చిన్న బిళ్ళల్లో ఈ అంకె కూడా చుట్టూ ఉన్న కణజాలంతో కలిసిపోయి నమ్మదగినది కాకుండా పోతుంది. అప్పుడు అల్ట్రాసౌండ్‌కు వెళ్ళాలి.

పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోని సమస్య మాకు రోజూ ఎదురవుతుంది. మెడ బిళ్ళల క్షయ కూడా సీటీలో అచ్చం ఇలాగే, అంచు మెరుస్తూ నడుమ నల్లగా కనిపిస్తుంది. బుగ్గ క్యాన్సర్‌తో వచ్చిన మనిషికి మెడలో ఇలాంటి బిళ్ళలు కనబడితే, అవి క్యాన్సర్ వ్యాప్తి అని రాసేయడం సులువు. ఆ ఒక్క మాటతో ఆపరేషన్ పెద్దదవుతుంది, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టవలసిన మేర పెరుగుతుంది. చోటును చూడడం ఇక్కడ కొంత సాయం చేస్తుంది: ఒకటి, రెండు అంచెలు మామూలుగా ఉండి, వెనక అయిదో అంచెలోనూ కాలర్ ఎముక పైనా మాత్రమే బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని గుత్తిగా ఉంటే, బుగ్గ క్యాన్సర్ సాధారణంగా ఆ దారిన పోదు కాబట్టి నేను క్షయను గట్టిగా అనుమానిస్తాను. అనుమానంతో ఆగకూడదు కూడా. సూది పరీక్ష చేసి, తీసిన ద్రవంలో కొంత కణాల పరీక్షకు, కొంత క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షకు పంపాలి. క్షయ తేలినంత మాత్రాన మిగతా బిళ్ళలు నిర్దోషులని కూడా అనుకోకూడదు. ఒకే మెడలో రెండు జబ్బులూ ఉండవచ్చు.

ఈ సూది పరీక్షకు అల్ట్రాసౌండ్‌ను మించినది లేదు. రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ, జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతుంది. ప్రోబును మెడ మీద ఆనిస్తే మామూలు బిళ్ళ బూడిదరంగు చుట్టు, నడుమ తెల్లని గీతతో కనిపిస్తుంది. డాప్లర్ వేస్తే ఆ గీత వెంబడే, నొక్కు దగ్గర నుంచి రక్తం లోపలికి పోయి కొమ్మలుగా చీలడం రంగులో తెలుస్తుంది. క్యాన్సర్ చేరిన బిళ్ళలో తెల్లని గీత చెరిగిపోతుంది, రక్తం అంచుల నుంచి అడ్డదిడ్డంగా చొరబడుతుంది. చూస్తూనే సూదిని సరిగ్గా అనుమానం ఉన్న మూలకు దించవచ్చు. క్యాన్సర్ కణాలు దొరికితే ఆ ఫలితాన్ని దాదాపు కచ్చితంగా నమ్మవచ్చు. దొరకకపోతే మాత్రం లేదని కాదు, సూది మొన తగిలిన చోట లేదని.

బిళ్ళ గోడను చీల్చుకుని క్యాన్సర్ బయటి కొవ్వులోకి పాకిందా అన్నది మరో ముఖ్యమైన విషయం. 2018 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఎనిమిదో విడత టీఎన్ఎం వర్గీకరణ (క్యాన్సర్ దశలను నిర్ణయించే పద్ధతి) దీనికి పెద్ద పీట వేసింది: హెచ్‌పీవీ వైరస్‌తో సంబంధం లేని క్యాన్సర్లలో, వైద్యుడి పరీక్షలో ఇది స్పష్టంగా తేలితే బిళ్ళ చిన్నదైనా దశ నేరుగా ఎన్3బికి, అంటే మెడ వ్యాప్తిలో అన్నిటికంటే ముదిరిన మెట్టుకు, పోతుంది. ఆపరేషన్ తర్వాత ముక్క పరీక్షలో ఇది కనిపించిన వారికి రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఇవ్వాలన్న పద్ధతి, 2004లో ఐరోపా నుంచి ఒకటి, అమెరికా నుంచి ఒకటి వెలువడిన రెండు అధ్యయనాల తర్వాత స్థిరపడింది. స్కాన్‌లో అంచు చెరిగి, చుట్టూ కొవ్వు మసకబారడాన్ని బట్టి మేము దీన్ని సూచిస్తాం. ఇటీవల సూది గుచ్చినా, చీము పట్టినా కొవ్వు మసకబారుతుంది కనుక స్కాన్ ఒక్కదాని మీదే దశను పెంచవద్దని వర్గీకరణే చెబుతోంది. బిళ్ళ ప్రధాన ధమనిని 270 డిగ్రీలకు పైగా చుట్టుకుని ఉంటే ఆపరేషన్‌తో శుభ్రంగా తీయడం దాదాపు అసాధ్యం. ఆ కొలతను రిపోర్టులో రాయకపోతే ఆ లోటు సర్జన్‌కు ఆపరేషన్ బల్ల దగ్గరే తెలుస్తుంది.

ఇప్పుడు బంధువుల ప్రశ్నకు వద్దాం. పరీక్షలో చేతికి ఏమీ తగలక, స్కాన్‌లో ఏమీ కనబడక, మెడ శుభ్రంగా ఉందనుకున్న తొలిదశ నోటి క్యాన్సర్ రోగుల్లో 20 నుంచి 30 శాతం మందికి, తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే క్యాన్సర్ కణాలు కనిపిస్తాయి. 2 మిల్లీమీటర్లకు మించని కణాల మూక 6 మిల్లీమీటర్ల బిళ్ళలో ఒక మూల దాక్కుంటే సీటీకీ ఎంఆర్‌ఐకీ ఆ బిళ్ళలో తేడా ఏమీ తెలియదు. పెట్ స్కాన్ కూడా 4, 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవాటిని విడిగా పట్టలేదు. ఇది యంత్రాల భౌతిక పరిమితి; ఖరీదైన సెంటరుకు పోయినంత మాత్రాన తొలగిపోదు. మరి ఆ రోగులకు మెడను ముందే శుభ్రం చేయాలా, లేక బిళ్ళ బయటపడ్డాక చేయాలా అన్న వాదం దశాబ్దాలు నడిచింది. దానికి నమ్మదగిన జవాబు ముంబై నుంచి వచ్చింది. టాటా మెమోరియల్ ఆసుపత్రిలో అనిల్ డిక్రూజ్ బృందం తొలిదశ నోటి క్యాన్సర్ రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మొదటి ఆపరేషన్‌తో పాటే మెడ బిళ్ళలను తీసింది, రెండో వర్గానికి బిళ్ళ కనబడ్డాకే తీసింది. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడేళ్ళకు మొదటి వర్గంలో 80 శాతం మంది, రెండో వర్గంలో 67.5 శాతం మంది బతికి ఉన్నారు. మన దేశపు రోగుల మీద, మన దేశపు ఆసుపత్రిలో తేలిన ఈ తేడాను చూశాక, స్కాన్ బాగుందన్న నా రిపోర్టును పట్టుకుని మెడ ఆపరేషన్ వద్దనుకోమని నేను ఎవరికీ చెప్పలేను.

అలాగని 70 శాతం మందికి అవసరం లేని కోత పెడుతున్నామన్న అసంతృప్తి సర్జన్లలోనూ ఉంది. భుజం నొప్పి, చెయ్యి పైకెత్తలేకపోవడం చిన్న బాధలేమీ కావు. అందుకే మొదటి కాపలా బిళ్ళను వెతికే పద్ధతి వచ్చింది. క్యాన్సర్ చుట్టూ టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిన మందును గుచ్చితే అది లింఫు దారి పట్టి మొదట ఏ బిళ్ళకు చేరుతుందో గామా కెమెరా చూపిస్తుంది. గామా కెమెరా బొమ్మను సీటీతో కలిపి చూపే స్పెక్ట్-సీటీ తీస్తే అది ఏ అంచెలో ఉందో తెలుస్తుంది. ఆ ఒకటి రెండు బిళ్ళలను మాత్రమే తీసి, పలుచగా కోసి పరీక్షించి, క్యాన్సర్ ఉంటేనే మిగతావి తీస్తారు. 2015లో ప్రచురితమైన ఐరోపా అధ్యయనంలో 415 మంది మీద ఈ పద్ధతి దాదాపు 86 శాతం వ్యాప్తిని పట్టుకుంది. నోటి అడుగు క్యాన్సర్‌కు మాత్రం ఇది ఇబ్బంది పెడుతుంది. మందు గుచ్చిన చోటు మెరుపులో, దానికి ఆనుకుని ఉన్న ఒకటో అంచె బిళ్ళ మెరుపు కలిసిపోతుంది. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం, ఓపిక గల పాథాలజిస్టు ఒకే చోట ఉన్న ఆసుపత్రుల్లోనే ఇది సాధ్యం కనుక మా వైపు ఇంకా అరుదు.

పెట్-సీటీ గురించి అపోహలు ఎక్కువ. రేడియోధార్మికమైన ఫ్లోరిన్-18 అంటించిన గ్లూకోజును ఎక్కించి, దాన్ని ఎక్కువగా పీల్చే చోట్లను చూపే పరీక్ష అది. ఫ్లోరిన్-18 సగం ఆయువు, అంటే దాని రేడియోధార్మికత సగానికి పడిపోయే సమయం, 110 నిమిషాలే కనుక మందు తయారయ్యే చోటుకు మరీ దూరంగా దీన్ని నడపడం కష్టం. క్షయ బిళ్ళ, వాచిన టాన్సిల్ కూడా గ్లూకోజును పీల్చి మెరుస్తాయి; నడుమంతా చచ్చిన క్యాన్సర్ బిళ్ళ మెరవకపోవచ్చు. తొలిదశ నోటి క్యాన్సర్‌కు, పైన చెప్పిన కారణం చేత, దీనివల్ల మెడ విషయంలో పెద్దగా ఒరిగేది లేదని నా అభిప్రాయం. మెడలో బిళ్ళ ఉండి నోటిలో, గొంతులో క్యాన్సర్ ఎక్కడ పుట్టిందో దొరకనప్పుడు, వ్యాప్తి ముదిరి ఊపిరితిత్తులను కూడా చూడవలసినప్పుడు, కీమో రేడియేషన్ పూర్తయ్యాక మిగిలిన బిళ్ళలో ప్రాణం ఉందో లేదో తేల్చవలసినప్పుడు మాత్రం దీనికి సాటి లేదు.

ఈ చివరి ఉపయోగానికి బ్రిటన్‌లో 564 మందితో జరిగిన పెట్-నెక్ అధ్యయనం గట్టి ఆధారం ఇచ్చింది. కీమో రేడియేషన్ ముగిసిన 12 వారాలకు పెట్-సీటీ తీసి, అవసరమైన వారికే ఆపరేషన్ చేసిన వర్గంలో 54 మెడ ఆపరేషన్లు జరిగితే, అందరికీ ముందే ఆపరేషన్ నిర్ణయించిన వర్గంలో 221 జరిగాయి. బతికినవారి శాతంలో మాత్రం తేడా రాలేదని 2016లో తేల్చారు. అయితే అందులో ఎక్కువమంది గొంతు పైభాగంలో హెచ్‌పీవీ వల్ల వచ్చిన క్యాన్సర్ రోగులు, చికిత్సకు బాగా లొంగే రకం. ఆపరేషన్‌తోనే చికిత్స మొదలయ్యే మన బుగ్గ క్యాన్సర్లకు ఈ లెక్కను యథాతథంగా దించుకోకూడదు. 12 వారాలన్న గడువుకు కారణం ఉంది: రేడియేషన్ వల్ల కలిగిన వాపు అంతకు ముందు తగ్గదు, తొందరపడి ఆరో వారంలోనే తీయిస్తే వాపు మెరుపుకూ క్యాన్సర్ మెరుపుకూ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు.

చికిత్స తర్వాతి స్కాన్‌ను పాతదానితో పోల్చకుండా చదవడం దాదాపు వృథా. 25 మిల్లీమీటర్ల నుంచి 9కి తగ్గిన బిళ్ళ, 5 నుంచి 9కి పెరిగిన బిళ్ళ ఒక్క స్కాన్‌లో ఒకేలా కనిపిస్తాయి. చాలామంది పాత ఫిల్ములను జాగ్రత్తగా దాచి తెస్తారు గాని, వందల ముక్కల్లోంచి ఏరిన కొన్ని బొమ్మలే ఫిల్ముల మీద ఉంటాయి, వాటి మీద వలయం గీసి సాంద్రత చూడడం కుదరదు. స్కాన్ తీసిన రోజే సెంటరువారిని అడిగి సీడీ తీసుకోండి. దాని మీద రోగి పేరు, తేదీ రాయించుకుని, ముక్క పరీక్ష కాగితంతో కలిపి ఒకే కవరులో ఉంచండి. ఊరు మారినా, ఆసుపత్రి మారినా, తర్వాత చదివే రేడియాలజిస్టు మొదట అడిగేది ఆ కవరునే.